బొమ్మ రైలని నవ్వే ఇంజనీర్లకి

మొన్న శనివారం ఒక మిత్రుడింట్లో పాట్‌లక్. గుత్తివంకాయ, పులిహోర, గోంగూర మటన్ అన్నీ అయ్యాక మగవాళ్ళందరం యథాప్రకారం గరాజ్ ముందు కుర్చీలేసుకుని చేరాం. ముందు లేఆఫ్‌లు, తర్వాత గ్రీన్ కార్డు క్యూ, ఆ తర్వాత హైదరాబాదు చుట్టుపక్కల గజం ఎంత, ఆ తర్వాత ఏఐ వచ్చి మన ఉద్యోగాలు ఎప్పుడు ఊడగొడుతుంది. ఈ నాలుగూ అయిపోయాక నా వంతు వచ్చింది.

"మాస్టారూ, ఇంకా ఆ బొమ్మ రైలు చేస్తూనే ఉన్నారా?"

అందరూ నవ్వారు. ఒకాయన "మా వాడికి అలాంటిది కాస్ట్‌కోలో నలభై డాలర్లకి కొన్నా, పొగ కూడా వస్తుంది" అన్నాడు. ఇంకొకాయన కాస్త సీరియస్‌గా "ఆరేళ్ళు, అంత డబ్బు... దీని ఆర్‌ఓఐ ఏంటి బాస్?" అని అడిగాడు. నేను కూడా ఓ నవ్వు నవ్వి ఊరుకున్నాను. ఇంటికొచ్చాక ఆ నవ్వినందుకు నామీద నాకే ఒళ్ళు మండింది. అక్కడ చెప్పాల్సింది ఇక్కడ చెప్తున్నా.

వాళ్ళ ఆరోపణలు మూడు. ఒకటి, ఇది పిల్లల ఆట. రెండు, ఆవిరి ఇంజనేంటి ఈ రోజుల్లో. మూడు, టైమూ డబ్బూ దండగ. వరసగా చూద్దాం.

అంతకుముందు ఈ "బొమ్మ" ఏమిటో తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. లైవ్ స్టీమ్ అంటే నిజంగా ఆవిరితో నడిచే చిన్న రైలింజను. లోపల మోటారు, బ్యాటరీ ఏమీ ఉండవు. చిన్న పొయ్యి, అందులో బొగ్గు, దాని చుట్టూ నీళ్ళు, ఆవిరి, పిస్టన్లు, చక్రాలు. పెద్దది ఎలా పనిచేస్తుందో ఇదీ అలాగే. పట్టాల మధ్య దూరం 3½ అంగుళాలు, 5 అంగుళాలు, 7¼ అంగుళాలు, ఇలా రకరకాలు. డ్రైవరు ఇంజను లోపల పట్టడు కాబట్టి వెనక బండి మీద గుర్రం ఎక్కినట్టు కూర్చుని నడుపుతాడు. 5 అంగుళాల ఇంజను ఓ డజను మందిని హాయిగా లాక్కుపోతుంది. ఈ పిచ్చికి పుట్టినూరు ఇంగ్లాండు. "మోడల్ ఇంజనీర్" అనే పత్రిక అక్కడ 1898లోనే మొదలైంది. అదే ఏడాది లండన్‌లో ఒక సొసైటీ కూడా పెట్టారు. ఇక్కడ అమెరికాలో ఆరెగాన్ రాష్ట్రంలో ట్రైన్ మౌంటెన్ అనే చోట 7½ అంగుళాల పట్టాలు 30 మైళ్ళకు పైగా పరిచారు. మా బే ఏరియాలో ఉండేవాళ్ళు అంత దూరం పోనక్కర్లేదు. బర్క్‌లీ కొండల్లో టిల్డెన్ పార్కులో 1936 నాటి క్లబ్బు ఒకటుంది, వెళ్ళి చూడండి.

ఇక మొదటి ఆరోపణ. బొమ్మట!

సాఫ్ట్‌వేర్‌లో మనం "స్కేల్" అనే మాట రోజుకి ఇరవైసార్లు వాడతాం. నాలుగు సర్వర్లు పెంచితే స్కేల్ అప్, తీసేస్తే స్కేల్ డౌన్. ఆ ముక్క నీళ్ళకీ నిప్పుకీ చెప్పి చూడండి. 3½ అంగుళాల ఇంజను అంటే సుమారుగా అసలు ఇంజనులో పదహారో వంతు. పొడవు 16 రెట్లు తగ్గితే పైతలం 256 రెట్లు తగ్గుతుంది, లోపలి ఘనపరిమాణం 4,096 రెట్లు తగ్గుతుంది. అంటే ఉన్న కాసిని నీళ్ళకీ పోల్చి చూస్తే వేడి పోగొట్టుకునే చర్మం 16 రెట్లు ఎక్కువన్నమాట. పెద్ద ఇంజనులో రెండంగుళాల పొగగొట్టం ఉందనుకోండి. పదహారో వంతు చేస్తే అంగుళంలో ఎనిమిదో వంతు. అరగంటలో మసి పట్టి మూసుకుపోతుంది. బొగ్గుముక్క పదహారో వంతు తెలివిగా మండదు, నీటి అణువు చిన్నదైపోదు. కాబట్టి డ్రాయింగు తీసుకుని జిరాక్స్ మిషన్లో చిన్నది చేస్తే ఇంజను రాదు. గొట్టాల సంఖ్య తగ్గించి సైజు పెంచాలి, గాలి పీల్చే లెక్క మార్చాలి, మొత్తం మళ్ళీ డిజైన్ చెయ్యాలి. బయటికి మాత్రం అచ్చు అసలుదానిలాగే కనపడాలి.

దీనిమీద వందేళ్ళ క్రితం పెద్ద యుద్ధమే జరిగింది. చిన్న ఇంజన్లకి బొగ్గు పనికిరాదు, స్పిరిట్ దీపమే గతి అన్నది అప్పటి వ్యాపార సంస్థల, పేరున్న డిజైనర్ల మాట. ఎల్.బి.ఎస్.సి. అనే కలంపేరుతో రాసే ఒకాయన (కుర్రతనంలో రైల్వేలో పనిచేసినవాడు) కాదన్నాడు. 2½ అంగుళాల పట్టాల మీద కూడా అసలు ఇంజనులాంటి బాయిలరు పెట్టి బొగ్గుతోనే నడపొచ్చన్నాడు. 1922లో పత్రికలో మొదలైన వాదన 1924లో ఎగ్జిబిషన్ పట్టాల మీదకెక్కింది. ఒకవైపు హెన్రీ గ్రీన్లీ డిజైన్ చేసిన కంపెనీ ఇంజను, ఇంకోవైపు ఈయన ఇంట్లో చేసుకున్న "అయేషా". అరచెయ్యంత వెడల్పు పట్టాల మీద, బొగ్గు తిని, మనిషిని లాగి చూపించింది అయేషా. "బ్యాటిల్ ఆఫ్ ది బాయిలర్స్" అని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ తర్వాత ఆయన దశాబ్దాల తరబడి వారం వారం రాశాడు, మామూలు గుమాస్తా కూడా వంటింటి పక్క గదిలో ఇంజను చేసుకునేలా. నేను చేస్తున్న "టిచ్" అనే నాలుగు చక్రాల బుడ్డ ఇంజను ఆయన కొత్తవాళ్ళ కోసం ఇచ్చిన డిజైనే. మనం ఓపెన్ సోర్స్, ఓపెన్ సోర్స్ అని గుండెలు బాదుకుంటాం కదా, అంతకంటే ముందే ఆయన ఆ పని కాగితం మీద చేశాడు.

ఇది బొమ్మ అయితే మనం చేసే డాష్‌బోర్డులు ఏంటో!

రెండో ఆరోపణ: పాతకాలపు టెక్నాలజీ, ఎందుకూ పనికిరాదు. ఇక్కడ నా పరువు తీసే కథ ఒకటి చెప్పాలి.

బాయిలరు రాగిరేకుతో చేస్తారు. అతుకులు వెండి టంకంతో వెయ్యాలి. ఆ టంకం కరగాలంటే 600 డిగ్రీలు దాటాలి. ఒక అతుకు వేస్తుంటే పక్కనున్న పాత అతుకు కరిగిపోకుండా చూసుకోవాలి. నాకు దానికే ఏడాదిన్నర పట్టింది. అయిపోయాక క్లబ్బులో బాయిలర్లు పరీక్ష చేసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. కొత్త బాయిలరుకి రూలేమిటంటే, నడిపే ప్రెషర్‌కి రెట్టింపు పెట్టి చూడాలి. నాది చదరపు అంగుళానికి 80 పౌండ్లు. అంటే పరీక్ష 160. అదీ ఆవిరితో కాదు, చన్నీళ్ళు నింపి చేత్తో పంపు కొట్టి. ఎందుకంటే నీళ్ళు నొక్కితే కుంచించుకోవు, వాటిలో శక్తి దాగదు. బాయిలరు పగిలినా బుస్సుమని కారుతుందే తప్ప ఎగిరిపడదు. ఎంత తెలివైన టెస్ట్ ఎన్విరాన్‌మెంటో చూడండి.

100 దాటింది, 120 దాటింది. 150 దగ్గర ఫైర్‌బాక్సు పక్కన ఒక స్టే బోల్టు మొదట్లో చిన్న చెమట చుక్క. తుడిచాడు. మళ్ళీ వచ్చింది.

నేనేం చేశానో తెలుసా? పద్ధెనిమిదేళ్ళుగా స్టేటస్ మీటింగుల్లో మాట్లాడే భాష మాట్లాడాను. "ఇది ఎడ్జ్ కేసు. నేనెప్పుడూ 80 దాటించను. ఈ సీజన్‌కి నడిపి, చలికాలంలో ఫిక్స్ చేస్తాను" అన్నాను. ఆయన వాదించలేదు. పంపు వాల్వు విప్పి నీళ్ళు వదిలేసి, సంతకం పెట్టకుండా కాగితం మడిచి నా చేతికిచ్చాడు. అంతే. నేను చెప్పింది వినలేదని కాదు, వినాల్సినదేమీ అందులో లేదని.

ఆ రోజు కారులో వస్తూ లెక్కేసుకున్నా. నా ఉద్యోగంలో నేను చూడకుండా "బాగుంది" అని కొట్టిన కోడ్ రివ్యూలు ఎన్ని? నా కోడ్‌ని ఎవరూ చూడకుండా బాగుందన్నవి ఎన్ని? కారే బోల్టుకి "నోన్ ఇష్యూ" అని పేరు పెట్టి రిలీజ్ చేసినవి ఎన్ని? ఒకసారి అలాంటి నోన్ ఇష్యూ వల్లే ఓ కస్టమర్ కంపెనీలో వేలమందికి ఆ నెల జీతాలు రెండు రోజులు ఆలస్యమయ్యాయి. మాకేమైంది? ఒక పోస్ట్‌మార్టం డాక్యుమెంటు, పిజ్జా. జీతం రానివాళ్ళలో అద్దె కట్టాల్సినవాళ్ళు ఎంతమందో మేము లెక్కపెట్టలేదు.

80 పౌండ్ల ప్రెషర్ దగ్గర నీళ్ళు 162 డిగ్రీల దాకా మరగకుండా ఉంటాయి. బాయిలరు చిరిగితే ఆ నీళ్ళలో కొంత భాగం ఒక్కసారిగా ఆవిరవుతుంది. ఆవిరైన నీరు సుమారు 1,600 రెట్లు పెరుగుతుంది. నా టిచ్ బాయిలరులో పట్టేది చెంబుడు నీళ్ళే. వెనక కూర్చున్న పిల్లవాడి మొహానికి ఆ చెంబుడు చాలు. ఒహాయోలోని మెడైనాలో 2001 జులైలో ఏం జరిగిందో ఈ హాబీలో ఉన్న ప్రతివాడికీ తెలుసు. అది చిన్న ఇంజను కాదు, 1918 నాటి పూర్తిసైజు ఆవిరి ట్రాక్టరు. తుప్పుతో పల్చబడిన రేకు, తగ్గిపోయిన నీళ్ళు. జాతర మైదానంలో పేలి ఐదుగురు చనిపోయారు. అప్పటికి అక్కడ అలాంటి పాత బాయిలర్లకి ప్రభుత్వ తనిఖీ లేదు. తర్వాత చట్టం తెచ్చారు.

మన దేశం సంగతి చూడండి. బాయిలర్ల చట్టం 1923 నాటిది, దాని స్థానంలో 2025లో కొత్తది వచ్చింది. 25 లీటర్ల లోపువి దాని లెక్కలోకే రావు. అంటే నేను విజయవాడలో టిచ్ చేసుకుంటే ఏ ఇన్‌స్పెక్టరూ నన్ను అడగడు. బ్రిటన్‌లో క్లబ్బుల సమాఖ్యలు ఏం చేశాయంటే, పరీక్షల నిబంధనలు తామే కూర్చుని రాసుకున్నాయి. కొత్తదానికి రెట్టింపు ప్రెషర్, తర్వాత కొన్నేళ్ళకోసారి ఒకటిన్నర రెట్లు, మధ్యలో ఆవిరి పెట్టి సేఫ్టీ వాల్వులు సరిగ్గా విడుస్తున్నాయా అని చూడటం. అన్నిటికంటే ముఖ్యం, తన బాయిలరుకి తనే సంతకం పెట్టుకోకూడదు. ఆదివారం సరదాకి నడిపే రిటైర్డ్ ముసలాళ్ళు పెట్టుకున్న కట్టుబాటిది! లక్షల జీతాలు తీసుకునే మనం పెట్టుకున్నామా?

ఆవిరి పాతదే కావచ్చు. ఆ సంతకం పెట్టకపోవడం మాత్రం మనం ఇంకా కనిపెట్టని టెక్నాలజీ.

మూడో ఆరోపణ: టైమూ డబ్బూ. ఒప్పుకుంటాను, ఆరేళ్ళలో ఓ మంచి పాత కారు కొనగలిగినంత ఖర్చయింది. ఆర్‌ఓఐ సున్నా. మరి నన్నడిగిన పెద్దమనిషి ఆ ఆరేళ్ళలో ఫోను మీద వేలు జరపడానికి పెట్టిన గంటల ఆర్‌ఓఐ ఎంత? కొన్న మూడు ఫ్లాట్లలో ఒక్కదాంట్లోనన్నా ఒక్క రాత్రి పడుకున్నాడా? సంపాదన గురించి నేను కాదనట్లేదు, నాకూ ఈఎమ్ఐలున్నాయి. కాని చేసే ప్రతి పనినీ రాబడితోనే కొలిచేవాడు చివరికి పిల్లల్ని కూడా అలాగే కొలుస్తాడు. కొలుస్తున్నాం కూడా.

వాల్ట్ డిస్నీ గురించి మనవాళ్ళకి చెప్తే కాస్త వింటారు, డబ్బున్నవాడు కాబట్టి :) ఆయన 1950లో తన ఇంటి పెరట్లో 7¼ అంగుళాల పట్టాలు వేసుకున్నాడు. ఇంజను పేరు "లిల్లీ బెల్", భార్య పేరు మీద. స్టూడియో మెషిన్‌షాపులో పనివాళ్ళ దగ్గర పని నేర్చుకుని కొన్ని భాగాలు తనే చేశాడు. 1953లో ఒక ప్రమాదంలో ఓ చిన్నపిల్లకి ఆవిరి తగిలి కాలింది. ఆ పెరటి రైలు ఆపేశాడు. అది చదివినప్పుడల్లా నాకు ఆ స్టే బోల్టు చెమట గుర్తొస్తుంది.

లాస్ గాటోస్‌లో ఓక్ మెడో పార్కు రైలు ఎక్కని బే ఏరియా తెలుగు పిల్లలు తక్కువ. ప్రతి పుట్టినరోజు ఆల్బమ్‌లోనూ ఆ ఫోటో ఉంటుంది. దాని వెనక కథ ఎంతమందికి తెలుసు? 18 అంగుళాల పట్టాల మీద నడిచే ఆ ఆవిరి ఇంజను 1905లో తయారైంది. చివరికి తుక్కు దుకాణానికి చేరింది. బిల్లీ జోన్స్ అనే రైలు డ్రైవరు దాన్ని చూసి కొనుక్కుని, బాగుచేసుకుని, 1943 నుంచి తన తోటలో పిల్లల్ని ఎక్కించుకుని తిప్పాడు. ఆయన 1968లో పోయాక ఊరివాళ్ళు పూనుకుని 1970లో పార్కులో మళ్ళీ నడిపించారు. ఒకడు తుక్కులోంచి తీసిందాని మీద మన పిల్లలు కూర్చుని కేరింతలు కొడుతున్నారు.

ఇక్కడే నేను అసలు చెప్పదలుచుకున్నది మొదలవుతుంది, ఎందుకంటే నేను చేసింది దానికి సరిగ్గా రివర్సు.

మా బాబాయిది విజయవాడ ఆటోనగర్‌లో చిన్న లేత్ షాపు. ముప్ఫైఅయిదేళ్ళు షాఫ్టులు, బుష్‌లు తిప్పాడు. మా నాన్న పోయాక నా ఇంజనీరింగు ఫీజులో సగం ఆ లేత్ మీంచి వచ్చిందే. ఆయన షాపు మూసేసేటప్పుడు చిన్న లేత్ ఒకటి ఇంటి వెనక రేకుల షెడ్డులో పెట్టుకుంటానన్నాడు. "ఏదో ఒకటి చేసుకుంటా ఉంటానురా, చేతులు ఊరుకోవు" అన్నాడు. నేను ఇక్కణ్ణుంచి ఫోన్లో పెద్ద తెలివైనవాడిలాగా, "ఈ వయసులో నీకెందుకు బాబాయ్ ఆ చాకిరీ, అమ్మేసి హాయిగా రెస్టు తీసుకో" అన్నా. నా మాట మీద గౌరవంతో అమ్మేశాడు. కిలోల లెక్కన, పాత ఇనప సామాను కింద. రెండేళ్ళు తిరక్కుండానే నేను కాలిఫోర్నియాలో అంతకంటే చిన్న పాత లేత్ ఒకటి వెతికి, బేరమాడి, ట్రక్కు అద్దెకి తెచ్చుకుని గరాజ్‌లో దింపుకున్నా. ఆయనకి అది చాకిరీ అట. నాకైతే హాబీ అట.

పాట్‌లక్‌లో వాళ్ళు నవ్విన నవ్వు, నేను ఫోన్లో చెప్పిన సలహా, రెండూ ఒకటే. చేత్తో చేసే పని తక్కువది, దాంట్లోంచి బయటపడటానికే చదువుకున్నాం అనే నమ్మకం. ఆ నమ్మకం ఎక్కణ్ణుంచి వచ్చిందో మనకి బాగా తెలుసు. ఏ పని ఎవరు చెయ్యాలో పుట్టుకతో రాసిపెట్టిన సమాజం మనది. రాగిని ఎర్రగా కాల్చి, నీళ్ళలో ముంచి మెత్తబరిచి, దిమ్మ మీద పెట్టి కొట్టి, గట్టిపడగానే మళ్ళీ కాల్చి.. నేను ఇంగ్లీషు పుస్తకం ముందు పెట్టుకుని నేర్చుకున్న ఈ పని మన ఊళ్ళలో బిందెలు చేసే కంచరివాళ్ళకి ఉగ్గుపాలతో వచ్చింది. వాళ్ళని మనం ఇంజనీర్లని ఎప్పుడన్నా అన్నామా? వాళ్ళ వంశంలో ఇంజనీరు అంటే ఆ సుత్తి వదిలేసి మన పక్క క్యూబికల్‌లోకి వచ్చినవాడే. దసరాకి మాత్రం లాప్‌టాప్‌కి కుంకుమబొట్టు పెట్టి ఆయుధపూజ ఫోటో వాట్సాప్‌లో పంపుతాం.

"మన దగ్గర ఇవి కుదరవండీ" అనేవాళ్ళకి ఒకటే మాట. లేత్‌లు, మిల్లింగులు, రాగిరేకులు, బ్రేజింగు చేసేవాళ్ళు, అన్నీ ఆటోనగర్‌లో, బాలానగర్‌లో నడిచే దూరంలో ఉన్నాయి. కొరతల్లా వాటి దగ్గరికి నేర్చుకోవడానికి వెళ్ళే ఇంజనీర్లదే. మనదేశంలో చిత్తరంజన్‌లో 1970లో చివరి బ్రాడ్‌గేజ్ ఆవిరి ఇంజను తయారైంది. దానికి పేరే "అంతిమ్ సితారా" అని పెట్టారు. అలాంటి ఇంజన్ల మీద చేతులు కాల్చుకున్న ఫైర్‌మన్లు, ఫిట్టర్లు కొందరు ఇంకా మన మధ్యే ఉన్నారు. వాళ్ళని అడిగేవాడు లేడు.

ఏమాటకామాటే, ఈ హాబీలో అన్నీ సుగుణాలేం లేవు. ఎక్కువమంది రిటైరైన మగవాళ్ళు, కొత్తవాడిని చూసి గొణిగేవాళ్ళూ ఉన్నారు. మన బ్రౌజర్ల గొడవకి తీసిపోని గొడవ కూడా ఉంది: అమెరికాలో ఈశాన్యాన 7¼ అంగుళాలు, మిగతా చోట్ల 7½. పావు అంగుళం తేడాతో ఒకరి ఇంజను ఇంకొకరి పట్టాల మీద నడవదు :) బొగ్గుపొగ ఆరోగ్యమని కూడా నేను చెప్పను. అందరూ వచ్చి ఇంజన్లు చెయ్యమనీ అనట్లేదు. వీణ చేసుకోండి, కుర్చీ చేసుకోండి, గడియారం విప్పి బిగించుకోండి. అన్‌డూ బటన్ లేని పని ఒకటి చెయ్యండి. అది బాగోలేదని మొహం మీద చెప్పి, సంతకం పెట్టకుండా పంపించే మనిషి ఒకడు ఉన్నచోట చెయ్యండి. కోడ్ రాయడం మెషీన్లకే వదిలేస్తున్న ఈ రోజుల్లో, ఇది పనిచేస్తుందని నా పేరు పెట్టి చెప్తున్నా అనగలగడమే మనకి మిగిలే ఉద్యోగం. అదే మనకి అలవాటు తప్పింది.

ఇంకో విన్నపం. ఇంట్లో నాన్నదో, మావయ్యదో, తాతదో పాత పనిముట్ల పెట్టె ఉంటే, సర్దేసే ముందు ఆయన్ని ఒక్కమాట అడగండి. నాలాగా సలహాలివ్వకండి.

నేను ఆ స్టే మళ్ళీ కాల్చి టంకం వేశాను. మొన్న బాబాయికి వీడియో కాల్‌లో చూపించా. చాలాసేపు చూసి, "ఎడమపక్క వేడి సరిగ్గా అందినట్టు లేదు, రంగు చూడు. మళ్ళీ కాల్చు" అన్నాడు. మళ్ళీ కాలుస్తున్నా. వచ్చే నెల పరీక్ష. మళ్ళీ ఫెయిలైతే ఇంకోసారి వెళ్తా.

ఈలోగా పాట్‌లక్‌లో ఎవరన్నా బొమ్మ రైలంటే ఈసారి నవ్వను.